ద ఆల్బమ్: బ్లాక్‌పింక్ తొలి పూర్తి నిడివి ఆల్బమ్

'ద ఆల్బమ్' దక్షిణ కొరియాకు చెందిన నలుగురు అమ్మాయిల పాప్ బృందం బ్లాక్‌పింక్ వెలువరించిన తొలి పూర్తి నిడివి స్టూడియో ఆల్బమ్. సియోల్‌లోని వైజీ ఎంటర్‌టైన్‌మెంట్, అమెరికాకు చెందిన ఇంటర్‌స్కోప్ రికార్డ్స్ కలిసి 2020 అక్టోబరు 2న దీన్ని విడుదల చేశాయి. ఇందులో ఎనిమిది పాటలున్నాయి. అన్నీ కలిపి విన్నా 25 నిమిషాలకు మించవు. అయినా ఇటీవలి కొరియన్ పాప్ చరిత్రలో దీని స్థానం పెద్దది. కొరియన్ మార్కెట్‌కు అమ్మాయిల బృందాలు చేసిన ఆల్బమ్‌లలో పది లక్షల ప్రతుల అమ్మకం దాటిన మొదటిది ఇదే.

నాలుగేళ్ల ఎదురుచూపు

వైజీ సంస్థను 1996లో స్థాపించినవారు యాంగ్ హ్యున్‌సుక్. 1992లో ర్యాప్‌ను కొరియా యువతకు దగ్గర చేసిన సో తైజీ అండ్ బాయ్స్ త్రయంలో ఆయన ఒకరు. అక్కడి పెద్ద సంస్థలన్నింటిలాగే వైజీ కూడా చిన్న వయసు పిల్లల్ని ఆడిషన్ల ద్వారా ఎంచుకుని, ఆట, పాట, భాషలు నేర్పించి, ఏళ్ల తర్వాత గానీ వేదిక ఎక్కించదు. జెన్నీ 2010లో శిక్షణకు చేరారు. కొన్నేళ్లు న్యూజీలాండ్‌లో చదువుకుని కొరియాకు తిరిగొచ్చిన అమ్మాయి ఆమె. థాయ్‌లాండ్‌లో జరిగిన ఆడిషన్‌లో నెగ్గి లీసా, సియోల్ దగ్గర్లో పెరిగిన జిసూ మరుసటి ఏడాది వచ్చారు. న్యూజీలాండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగిన రోజే 2012లో చేరారు. అందరికన్నా తక్కువ కాలం శిక్షణ పొందిన రోజేకు కూడా నాలుగేళ్లు పట్టింది.

2016 ఆగస్టు 8న 'బూమ్‌బయా', 'విజిల్' అనే రెండు పాటలతో బృందం జనం ముందుకొచ్చింది. రెండూ వెంటనే పేరు తెచ్చుకున్నాయి. ఆ తర్వాత మాత్రం పాటలు చినుకుల్లా రాలాయే తప్ప వాన కురవలేదు. అదే ఏడాది నవంబరులో మరో రెండు కొత్త పాటలు, 2017లో ఒక్కటి, 2018 జూన్‌లో నాలుగు పాటల 'స్క్వేర్ అప్', 2019 ఏప్రిల్‌లో నాలుగు కొత్త పాటల 'కిల్ దిస్ లవ్' వచ్చాయి. ఇతర గాయకులతో కలిసి పాడినవి, 2018లో జెన్నీ ఒంటరిగా పాడినది పక్కన పెడితే మొత్తం పదమూడు పాటలు. 2019 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని కోచెల్లా ఉత్సవంలో పాడిన తొలి కొరియన్ అమ్మాయిల బృందంగా నిలిచినా, ఆసియా నుంచి అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా దాకా కచేరీలు చేసి 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని ఫుకుఓకాలో ఆ యాత్ర ముగించినా, వాళ్ల చేతిలో ఉన్న సొంత సరుకు అంతే.

కొరియాలో ఇది మామూలు విషయం కాదు. అక్కడ బృందాలు సింగిల్, మినీ ఆల్బమ్, పూర్తి ఆల్బమ్ అనే వరసలో ఎదుగుతాయి. పూర్తి ఆల్బమ్ వచ్చిందంటే బృందం నిలదొక్కుకుందని అర్థం. వండర్ గర్ల్స్ 2007 ఫిబ్రవరిలో రంగప్రవేశం చేసి అదే ఏడాది సెప్టెంబరులో పూర్తి ఆల్బమ్ ఇచ్చారు. గర్ల్స్ జనరేషన్‌కు మూడు నెలలే పట్టింది. వైజీలోనే బ్లాక్‌పింక్‌కు అక్కల్లాంటి టూఎనీవన్ 2009లో వచ్చి 2010 సెప్టెంబరుకల్లా 'టు ఎనీవన్' తెచ్చారు. బ్లాక్‌పింక్‌కు నాలుగేళ్లు దాటింది.

ఈ ఆలస్యానికి కొంత వైజీ పని తీరు కారణం. బృందం పాటల బరువంతా దాదాపు ఒక్కరి భుజాల మీదే ఉండేది. ఆయన టెడ్డీ పార్క్. వన్‌టైమ్ అనే హిప్‌హాప్ బృందంలో పాడి, తర్వాత అబ్బాయిల బృందం బిగ్‌బ్యాంగ్‌కు, టూఎనీవన్‌కు పాటలు కట్టిన సంగీతకారుడు. దీనికి తోడు 2019లో సంస్థ పెద్ద కుదుపుకు లోనైంది. వరసగా వచ్చిన ఆరోపణల నడుమ ఆ జూన్‌లో యాంగ్ పదవుల నుంచి తప్పుకున్నారు. అభిమానుల ఓపిక నశించింది. బ్లింక్‌లుగా పిలుచుకునే ఈ అభిమానులు డిసెంబరులో సియోల్‌లోని వైజీ భవనం ముందుకు డిజిటల్ తెరలున్న ట్రక్కును పంపించి, కొత్త పాటలు ఇవ్వమని డిమాండు చేశారు. తాము ప్రేమించే కళాకారుల కోసం వాళ్ల యజమానినే నిలదీసిన ఆ నిరసనను ఈ ఆల్బమ్ చరిత్రలో భాగంగానే చూడాలి.

ముందుగా వచ్చిన పాటలు

2020 మే నెలాఖరులో లేడీ గాగాతో పాడిన 'సోర్ క్యాండీ' ఆమె ఆల్బమ్‌లో వచ్చింది. నెల తిరక్కుండానే, జూన్ 26న, 'హౌ యూ లైక్ దట్' విడుదలైంది. కిందపడి లేచి సవాలు విసిరే పాట ఇది. మెల్లగా, బరువుగా మొదలై, చివర్లో మాటలు తగ్గి డోలు దెబ్బలే నడిపే నృత్యంగా మారుతుంది. వీడియోకు తొలి 24 గంటల్లో యూట్యూబ్‌లో 8 కోట్ల 63 లక్షల వీక్షణలు వచ్చాయి. అప్పటికి అది ప్రపంచ రికార్డు. రెండు నెలలకు కొరియా అబ్బాయిల బృందం బీటీఎస్ పాట 'డైనమైట్' దాన్ని దాటింది. వీడియో చివర్లోనూ వేదికల మీదా నలుగురూ వేసుకున్న దుస్తులు కొరియా సంప్రదాయ హన్‌బోక్‌ను కత్తిరించి కొత్తగా కుట్టినవి. వాటిని రూపొందించిన డాన్‌హా అనే చిన్న సంస్థ పేరు ఒక్కసారిగా దేశదేశాల్లో వినపడింది.

ఈ వీడియోతో మన దేశానికి నేరుగా సంబంధమున్న ఒక ఘటన ఉంది. లీసా ర్యాప్ పాడే సన్నివేశంలో వినాయకుడి విగ్రహాన్ని అలంకరణ వస్తువులా నేలమీద పెట్టారు. భారతదేశంలోని అభిమానులు దాన్ని పట్టుకుని, సామాజిక మాధ్యమాల్లో అభ్యంతరం చెప్పారు. బృందాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లే ఈ మాట అన్నారు కనుక దానికి బరువు వచ్చింది. కొద్ది రోజుల్లోనే వైజీ ఆ విగ్రహాన్ని వీడియోలోంచి తొలగించింది. కొరియాలో తయారైన పాట ఎక్కడెక్కడి ఇళ్లలోకి వెళ్తోందో దాన్ని తయారు చేసేవాళ్లకు తెలియజెప్పిన ఘటన ఇది. వినాయకుణ్ణి ఎత్తుగా పీట మీద కూర్చోబెట్టే మన ఇళ్లలో ఆ దృశ్యం ఎందుకు నొప్పించిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆగస్టు 28న రెండో పాట 'ఐస్ క్రీమ్' వచ్చింది. ఇందులో అమెరికన్ గాయని సెలీనా గోమెజ్ తోడు పాడారు. రాసినవారిలో అరియానా గ్రాండే, విక్టోరియా మొనే ఉన్నారు. కరోనా వల్ల సెలీనా అమెరికాలో, ఈ నలుగురూ కొరియాలో విడివిడిగా చిత్రీకరణ జరుపుకున్నారు. అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో ఇది 13వ స్థానం దాకా వెళ్లింది. అప్పటికి కొరియన్ అమ్మాయిల బృందాల్లో ఎవరికీ అంత ఎత్తు దక్కలేదు. వినడానికి హాయిగా ఉంటుంది, అంతకు మించి మనసులో నిలిచే పాట కాదు.

ఎనిమిది పాటలు

ఆల్బమ్ అక్టోబరు 2న ఆన్‌లైన్‌లో వచ్చింది. అవి కొరియన్లు పెద్దల సమాధులు దర్శించుకుని, కుటుంబమంతా ఒకచోట చేరే చుసోక్ పండుగ రోజులు. సీడీలు మాత్రం పండుగ సెలవుల తర్వాత, 6న దుకాణాలకు చేరాయి.

ప్రధాన గీతం 'లవ్‌సిక్ గర్ల్స్'. ప్రేమలో దెబ్బతిని, మళ్లీ ప్రేమనే వెతుక్కునే అమ్మాయిల పాట. గిటార్ తీగల మీద తేలికగా మొదలై, పల్లవికి వచ్చేసరికి నలుగురి గొంతులూ గుంపుగా ఎగసిపడతాయి. జిసూ, జెన్నీ సాహిత్యంలో పాలుపంచుకున్నారు. జెన్నీకి స్వరకర్తల్లోనూ చోటు దక్కింది. టెడ్డీతో పాటు ఫ్రెంచ్ డీజే డేవిడ్ గెట్టా కూడా దీనికి పనిచేశారు. అంతకుముందు బ్లాక్‌పింక్ పాటలంటే చాలావరకు డప్పు, దర్పం, కవాతు. ఈ పాటలో దర్పం తగ్గి బాధ బయటపడింది. ఆల్బమ్‌లో అన్నిటికన్నా మంచి పాట ఇదేనని నా అభిప్రాయం. తమ పాటలో తామే చేయి పెట్టినప్పుడు ఈ బృందం ఎంత మెరుగ్గా ఉంటుందో ఇది చూపించింది.

'ప్రెటీ సావేజ్' పాత బ్లాక్‌పింక్ దారిలోనే నడుస్తుంది, ఆ దారిలో గట్టిగానే నడుస్తుంది. అమెరికన్ ర్యాపర్ కార్డీ బీ తోడు వచ్చిన 'బెట్ యూ వానా' పూర్తిగా ఇంగ్లిష్ పాట. వన్‌రిపబ్లిక్ గాయకుడు రయాన్ టెడ్డర్ దాని రచయితల్లో ఒకరు. 'క్రేజీ ఓవర్ యూ', 'లవ్ టు హేట్ మీ' చక్కగా కట్టిన పాటలే. కానీ వాటిని వేరే ఏ బృందం పాడినా పెద్ద తేడా తెలియదు. అమెరికా శ్రోతను దృష్టిలో పెట్టుకుని చేసిన ఈ భాగమే ఆల్బమ్‌లో పలచనిది. చివరి పాట 'యూ నెవర్ నో' దగ్గర మళ్లీ ప్రాణం వస్తుంది. పైకి కనిపించే వెలుగు చూసి తమ బతుకు తెలిసినట్టు మాట్లాడేవాళ్లకు నెమ్మదిగా చెప్పిన జవాబు అది. రోజే గొంతులోని జీర అక్కడ చేసే పని పెద్ద పెద్ద వాద్యాలు కూడా చేయలేవు.

ఎనిమిది పాటలను పూర్తి ఆల్బమ్ అనవచ్చా అన్న ప్రశ్న విడుదల రోజు నుంచే ఉంది. వాటిలో రెండు అప్పటికే బయటికొచ్చినవి. నాలుగేళ్లు ఎదురుచూసినవాళ్ల చేతిలో ఆ రోజు కొత్తగా పడినవి ఆరు పాటలే. ఆ అసంతృప్తి న్యాయమైనదే.

అమ్మకాలు మార్చిన లెక్క

కొరియాలో చాలాకాలం ఒక నమ్మకం పాతుకుపోయి ఉండేది. అబ్బాయిల బృందాలకు గట్టి అభిమానులుంటారు, వాళ్లు సీడీలు కొంటారు. అమ్మాయిల బృందాల పాటలు అందరూ వింటారు గానీ డబ్బు పెట్టి కొనేవాళ్లు తక్కువ. ఈ లెక్కను బట్టే సంస్థలు ఖర్చు పెట్టేవి. నిజానికి అక్కడ సీడీ అంటే పాటల పళ్లెం ఒక్కటే కాదు. అందులో ఫొటోల పుస్తకం, సభ్యుల బొమ్మలున్న చిన్న కార్డులు ఉంటాయి. ఒకే ఆల్బమ్ నాలుగైదు రకాల అట్టలతో వస్తుంది. 'ద ఆల్బమ్' కూడా నాలుగు రకాలుగా వచ్చింది. ఒక్కొక్కరు ఒకటికి మించి కొంటారు కాబట్టి ప్రతుల సంఖ్యను శ్రోతల సంఖ్యగా చదవకూడదు. అయినా అబ్బాయిల బృందాల లెక్కలూ ఇలా వచ్చినవే.

ముందస్తు ఆర్డర్లు మొదలైన ఆరు రోజుల్లోనే ఎనిమిది లక్షలు దాటాయి. కొరియాలో అమ్మకాలు లెక్కగట్టే హాన్‌టియో పట్టిక ప్రకారం మొదటి వారంలో 6 లక్షల 80 వేలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అంతకుముందు అమ్మాయిల బృందాల్లో రికార్డు ఐజ్‌వన్ అనే బృందానిది. అది దాదాపు 3 లక్షల 90 వేలు. నెల గడిచేలోగా అమెరికా, ఐరోపా అమ్మకాలతో కలిపి మొత్తం పన్నెండు లక్షలకు చేరిందని వైజీ ప్రకటించింది.

అమెరికాలో ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో, బ్రిటన్ పట్టికలో కూడా ఇది రెండో స్థానంలో అడుగుపెట్టింది. అమెరికాలో తొలి వారం లెక్క దాదాపు లక్షా పదివేల యూనిట్లు. ఏడాదిన్నర కిందట 'కిల్ దిస్ లవ్' అదే పట్టికలో 24వ స్థానం దగ్గరే ఆగిపోయింది.

కరోనా కాలంలో

పాట వచ్చాక ఊరూరా తిరిగి పాడటం ఈ వృత్తిలో సగం పని. ఆ ఏడాది దానికి దారి లేకపోయింది. ప్రచారమంతా తెరల మీదే నడిచింది. అక్టోబరు 14న నెట్‌ఫ్లిక్స్‌లో కరోలిన్ సుహ్ దర్శకత్వంలో 'లైట్ అప్ ద స్కై' డాక్యుమెంటరీ వచ్చింది. శిక్షణ రోజుల ఒంటరితనం గురించి సభ్యులు అందులో దాపరికం లేకుండా మాట్లాడారు. డిసెంబరులో జరగాల్సిన ఆన్‌లైన్ కచేరీ 'ద షో' కరోనా నిబంధనల వల్ల వాయిదా పడి, 2021 జనవరి 31న యూట్యూబ్‌లో జరిగింది. దాదాపు 2 లక్షల 80 వేల మంది డబ్బు కట్టి చూశారు.

ఇదే కాలంలో మరో వివాదం రేగింది. 'లవ్‌సిక్ గర్ల్స్' వీడియోలో జెన్నీ కొద్ది క్షణాలు బిగుతైన నర్సు దుస్తుల్లో, ఎర్రటి ఎత్తుమడమల చెప్పులతో కనిపిస్తారు. కొరియా వైద్య సిబ్బంది యూనియన్ దీన్ని తీవ్రంగా ఖండించింది. నర్సులు ప్రాణాలొడ్డి కరోనా రోగుల్ని చూసుకుంటున్న ఏడాది అది. ముందు తమ ఉద్దేశం వేరని చెప్పిన వైజీ, అక్టోబరు 7న ఆ దృశ్యం తీసేస్తామని ప్రకటించింది. యూనియన్ మాటే సరైనది. వేధింపులతో రోజూ పోరాడే వృత్తిలోని ఆడవాళ్లకు ఆ బొమ్మ చేసే చెరుపు పాటకు కలిగే లాభం కన్నా చాలా ఎక్కువ.

తర్వాతి కాలం

2022 సెప్టెంబరు 16న రెండో ఆల్బమ్ 'బోర్న్ పింక్' వచ్చింది. మళ్లీ ఎనిమిది పాటలే. ఈసారి అమెరికా పట్టికలో మొదటి స్థానమే దక్కింది. కొరియన్ అమ్మాయిల బృందాల్లో ఎవరూ అంతకుముందు దాన్ని అందుకోలేదు. అదే ఏడాది జులైలో ఎస్పా బృందం మినీ ఆల్బమ్ 'గర్ల్స్' ఒక్క వారంలోనే పది లక్షలు దాటింది. ఆపై ఐవ్, న్యూజీన్స్ లాంటి కొత్త బృందాలు కూడా ఆ అంకెను అందుకున్నాయి. అమ్మాయిల ఆల్బమ్‌లు అమ్ముడుపోవన్న పాత లెక్కను ఇప్పుడు సియోల్‌లో ఎవరూ ఎత్తడం లేదు.

బ్లాక్‌పింక్‌ను మొదటిసారి వినబోయే పాఠకులు రికార్డుల్ని పక్కన పెట్టి, 'లవ్‌సిక్ గర్ల్స్', 'యూ నెవర్ నో' రెండూ వరసగా వినండి. ఆ తర్వాత మిగతా ఆరింటికి వెళ్లండి.