అమెరికా చిన్న కళాశాలల్లో పోటీ పరుగు: నిర్ణయానికి ముందు తెలుసుకోవలసినవి

అమెరికాలో హైస్కూలు పరుగు పోటీల్లో రాణించిన విద్యార్థులకు చివరి సంవత్సరంలో ఒక సందిగ్ధత ఎదురవుతుంది. పెద్ద విశ్వవిద్యాలయంలో చేరి పోటీలకు స్వస్తి చెప్పాలా, లేక చిన్న కళాశాలలో చేరి జట్టులో కొనసాగాలా? అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇది వర్తించే ప్రశ్నే.

మూడు శ్రేణులు

కళాశాల క్రీడలను ప్రధానంగా నిర్వహించే ఎన్‌సీఏఏ సంస్థ 1973లో సభ్య కళాశాలలను మూడు డివిజన్లుగా విభజించింది. డివిజన్-3లో 400కు పైగా కళాశాలలున్నాయి. వీటిలో అధిక భాగం చిన్న ప్రైవేటు విద్యాసంస్థలే. ఇక్కడ క్రీడల సీజన్ డివిజన్-1 కంటే తక్కువ కాలం సాగుతుంది.

ఫీజుల మాటేమిటి?

డివిజన్-3లో క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు. చదువులో ప్రతిభ, కుటుంబ ఆర్థిక స్థితి ఆధారంగానే సహాయం లభిస్తుంది. అందువల్ల ప్రకటిత ఫీజును కాక, సహాయం పోగా చెల్లించవలసిన మొత్తాన్ని పోల్చి చూడాలి. భారతదేశం నుంచి ఎఫ్-1 వీసాపై వెళ్లేవారికి అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయం వర్తించదు. కళాశాల సొంత నిధుల నుంచి ఇచ్చేదే వారికి ఆధారం.

జట్టులో చోటు

క్రాస్ కంట్రీ పోటీలో సాధారణంగా ఒక జట్టు తరఫున ఏడుగురు పరుగెత్తుతారు. మొదటి ఐదుగురి స్థానాలను కూడగా, తక్కువ మొత్తం వచ్చిన జట్టు గెలుస్తుంది. పెద్ద విశ్వవిద్యాలయంలో ఆ ఏడుగురిలో చోటు దక్కని విద్యార్థి చిన్న కళాశాలలో కీలక సభ్యుడు కావచ్చు. హైస్కూలులో దూరం సాధారణంగా 5 కిలోమీటర్లు. డివిజన్-3 జాతీయ పోటీల్లో పురుషులకు 8, మహిళలకు 6 కిలోమీటర్లు.

చిన్న కళాశాల అంటే పోటీ సులువని భావించరాదు. ఒరెగాన్‌లోని విల్లమెట్ విశ్వవిద్యాలయం తరఫున డివిజన్-3లో పరుగెత్తిన నిక్ సిమండ్స్ 2008, 2012 ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 2013 మాస్కో ప్రపంచ చాంపియన్‌షిప్ 800 మీటర్లలో రజతం సాధించారు.

అడగవలసిన ప్రశ్నలు

గత ఏడాది ఆ జట్టులో ఐదవ, ఏడవ స్థానాల్లో నిలిచిన వారి సమయాలు ఎంత? తన సమయం వారికి ఎంత దూరంలో ఉంది? సాయంత్రపు ప్రయోగశాల తరగతులు సాధనకు అడ్డు వస్తే కోచ్ ఎలా సర్దుబాటు చేస్తారు? గాయపడిన వారికి ఎలాంటి వైద్య సహాయం ఉంది? వీటికి సమాధానాలు కోచ్ వద్దనే కాక, ప్రస్తుత జట్టు సభ్యుల వద్ద కూడా తెలుసుకోవాలి. కోచ్ ఆసక్తి చూపినంత మాత్రాన సీటు ఖాయం కాదు. తుది నిర్ణయం ప్రవేశాల విభాగానిదే.

చివరి ప్రశ్న విద్యార్థి తనకు తాను వేసుకోవలసినది. మొదటి సంవత్సరంలోనే గాయమై పరుగు ఆగిపోతే, ఆ కళాశాలలోనే, ఆ ఊరిలోనే, ఆ చదువులోనే కొనసాగాలనిపిస్తుందా? అవునన్న సమాధానం వస్తే నిర్ణయానికి గట్టి పునాది ఉన్నట్లే. కాదంటే, జట్టు ఎంత మంచిదైనా ఎంపికను పునఃపరిశీలించుకోవడం మేలు.