పేరు గుడ్‌మన్‌ది, రాత హెండర్సన్‌ది

ఆ మధ్య ఒక శుక్రవారం రాత్రి మాకు రిలీజ్ ఉంది. బిల్డ్ పూర్తయ్యేదాకా చేసేదేమీ లేక హెడ్‌ఫోన్స్ తగిలించుకుని పాత జాజ్ వింటూ కూర్చున్నాను. 'కింగ్ పోర్టర్ స్టాంప్' అనే ముక్క అయిపోయింది. వెంటనే మళ్ళీ అదే మొదలయింది. రిపీట్ నొక్కానేమో అనుకుని చూస్తే, కాదు. మొదటిది 1933లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండు రికార్డు చేసింది. రెండోది 1935లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండు చేసింది. వాయించిన మనుషులు వేరు, మధ్యలో ఒక్కొక్కరూ విడిగా వాయించే చోట్ల ధోరణి వేరు. అల్లిక మాత్రం ఒకటే.

తవ్వితే తేలిందేమిటంటే, ఆ అల్లిక హెండర్సన్‌ది. 'స్వింగ్ రాజు' అనే బిరుదు మాత్రం గుడ్‌మన్‌కి వచ్చింది.

నాకు సంగీతం రాదు. సరిగమలు దాటి ఒక్క ముక్క తెలియదు. అయినా ఈ కథ నన్ను పట్టుకుని వదల్లేదు. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే నేను నాలుగు నెలలు కూర్చుని రాసిన మాడ్యూలు క్లయింటు ముందు డెమోకి వెళ్ళింది. స్లయిడు మీద ఇంకెవరి పేరో ఉంది. ఏ కంపెనీ, ఎవరి పేరు అన్నది ఇక్కడ అనవసరం. మీలో చాలామందికి ఇలాంటిది అనుభవమే అయ్యుంటుంది. నేనున్న కోపంలో హెండర్సన్ నాకు సొంత అన్నయ్యలా కనిపించాడు.

ముందు అరేంజర్ అంటే ఎవరో చెప్పుకుందాం. మన సినిమా పాటే తీసుకోండి. సంగీత దర్శకుడు హార్మోనియం ముందు కూర్చుని బాణీ కడతాడు. మరి పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్లు ఎక్కడ ఎత్తుకోవాలి, వేణువు ఎక్కడ ఆగాలి, ఎవరి ముందు ఏ నొటేషన్ కాగితం ఉండాలి? అదంతా రాసి పెట్టేవాడు అరేంజర్. హిందీలో శంకర్-జైకిషన్ పాటల వెనక సెబాస్టియన్ డిసౌజా చేసింది ఈ పనే. ఆ పాటలు తెలియనివాళ్ళు లేరు. ఆ పేరు ఎంతమందికి తెలుసు?

1920లలో అమెరికాలో ఈ పనికి గిరాకీ బాగా పెరిగింది. అయిదారుగురున్న జట్టయితే ఎవరికి తోచింది వాళ్ళు అల్లుకుంటూ పోవచ్చు. డాన్సు హాళ్ళు పెద్దవయ్యేకొద్దీ జట్లూ పెరిగాయి. పదీ పన్నెండు మంది తోచింది వాయిస్తే అది చేపల బజారే. ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే.

ఇక మన కథానాయకుడి సంగతి. హెండర్సన్ 1897లో జార్జియా రాష్ట్రంలో కత్‌బర్ట్ అనే ఊళ్ళో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. నాన్న స్కూలు ప్రిన్సిపాలు, అమ్మ పియానో టీచరు. ఇంట్లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం తప్ప ఇంకోటి వినపడకూడదు. అట్లాంటా యూనివర్సిటీలో కెమిస్ట్రీ, లెక్కలు చదువుకుని 1920లో పై చదువుకని న్యూయార్క్ వెళ్ళాడు. కెమిస్టు అవుదామని వెళ్ళినవాడు చివరికి పేస్ అండ్ హ్యాండీ అనే పాటల ప్రచురణ సంస్థలో తేలాడు. కొనడానికి వచ్చినవాళ్ళకి కొత్త పాటలు పియానో మీద వాయించి వినిపించడం ఉద్యోగం. నల్లవాడికి ఆ రోజుల్లో కెమిస్టు ఉద్యోగం ఎంత సులువుగా దొరుకుతుందో ఊహించుకోవచ్చు. సివిల్ ఇంజనీరింగ్ చదివి జావా రాస్తున్న మా బ్యాచ్ వాళ్ళకయితే ఇంకా బాగా అర్థమవుతుంది :)

1921లో హ్యారీ పేస్ 'బ్లాక్ స్వాన్' అనే రికార్డింగ్ కంపెనీ పెడితే అందులో సంగీతం పనులు హెండర్సనే చూసుకున్నాడు. 1924కల్లా సొంత బ్యాండుతో న్యూయార్క్‌లోని రోజ్‌ల్యాండ్ బాల్‌రూమ్‌లో కుదురుకున్నాడు. ఆ హాల్లో నాట్యం చేసేది తెల్లవాళ్ళు, వాయించేది నల్లవాళ్ళు.

అసలు కిటుకు ఇక్కడే పుట్టింది. అయితే మొదట రాసింది హెండర్సన్ కాదు, ఆయన బ్యాండులోనే ఉన్న డాన్ రెడ్‌మన్. బ్యాండుని రెండు వర్గాలుగా విడదీశాడు. ఒకవైపు ట్రంపెట్లు, ట్రాంబోన్లు. ఇంకోవైపు సాక్సోఫోన్లు, క్లారినెట్లు. ఒక వర్గం ప్రశ్న వేస్తే రెండోది జవాబు చెబుతుంది. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే వంతలు అందుకుంటారు చూడండి, దాదాపు అలాగన్నమాట. పియానో, డ్రమ్ములు వగైరా వెనక నుంచి తాళం నిలబెడతాయి.

1924 చివర్లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ బ్యాండులో చేరి ఏడాది పైగా వాయించాడు. బిగదీసుకుని వాయిస్తున్న జట్టుకి ఊగడం అంటే ఏమిటో చూపించాడు. 1927లో రెడ్‌మన్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బెన్నీ కార్టర్ లాంటివాళ్ళు రాశారు. 1930ల మొదట్లో ఇక హెండర్సనే గట్టిగా కలం పట్టాడు. అప్పటికి ఆయనకి ముప్ఫై అయిదేళ్ళు దగ్గర పడుతున్నాయి. ఆయన గొప్పతనం ఏమిటంటే, ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడు అప్పటికప్పుడు అల్లినట్టుండే పలుకుని నలుగురు కలిసి వాయించేలా కాగితం మీద పెట్టాడు. అనవసరమైన హంగుల్లేవు, సోలో వాయించేవాడికి కావలసినంత ఖాళీ ఉంది. మన భాషలో చెప్పాలంటే, వేరేవాళ్ళు చదివి వాడుకోగలిగిన కోడ్.

వేరేవాళ్ళు వాడుకోగలగడమే ఆయన కొంపముంచింది కూడా.

యజమానిగా హెండర్సన్ అంత గట్టివాడు కాదు. 1928లో కారు ప్రమాదంలో దెబ్బలు తగిలాక మనిషే మారిపోయాడని ఆయన భార్య తర్వాత చెప్పింది. క్రమశిక్షణ లేదు, లెక్కాపత్రం లేదు. కానీ తప్పంతా ఆయన మీదికి నెట్టేస్తే అన్యాయం. ఆ కాలంలో బ్యాండుకి నిలకడగా డబ్బొచ్చేది రేడియో స్పాన్సర్ల నుంచి, పెద్ద హోటళ్ళ నుంచి. ఆ రెండు తలుపులూ నల్లవాళ్ళ బ్యాండ్లకి దాదాపుగా మూసే ఉన్నాయి. దానికితోడు ఆర్థిక మాంద్యం. 1934లో ఆయన దగ్గరున్న గొప్ప సాక్సోఫోన్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఆ ఏడాది చివరికి బ్యాండే చెదిరిపోయింది.

సరిగ్గా అప్పుడే, 1934 డిసెంబరులో, ఎన్‌బీసీ రేడియోలో 'లెట్స్ డాన్స్' అనే కార్యక్రమం మొదలయింది. స్పాన్సరు నేషనల్ బిస్కెట్ కంపెనీ. శనివారం రాత్రి మూడు గంటలు, మూడు బ్యాండ్లు. అందులో ఒకటి పాతికేళ్ళ గుడ్‌మన్‌ది. వారం వారం కొత్త సరుకు కావాలి, దానికి కార్యక్రమం బడ్జెట్‌లో డబ్బుంది. జాన్ హామండ్ అనే జాజ్ అభిమాని సలహాతో గుడ్‌మన్ హెండర్సన్ దగ్గర అరేంజ్‌మెంట్లు కొనడం మొదలుపెట్టాడు. జాజ్ చరిత్రల్లో కనిపించే లెక్క ఒక్కోదానికి 37.50 డాలర్లు. డబ్బు చేతిలో పడ్డాక అరేంజర్‌కి దానిమీద ఇంకేం రాదు. రికార్డు ఎన్ని లక్షలు అమ్ముడుపోయినా సరే.

1935లో కార్యక్రమం ఆగిపోయింది. గుడ్‌మన్ బ్యాండు పడమటి దిక్కుగా టూర్ బయల్దేరింది. దారిలో చాలాచోట్ల చేదు అనుభవాలే. ఆగస్టు 21న లాస్ ఏంజెలిస్‌లోని పాలోమార్ బాల్‌రూమ్. మొదట మెత్తమెత్తని పాటలు వాయించారు, జనంలో చలనం లేదు. పోయేదేముందని హెండర్సన్ కాగితాలు తీశారు. జనం డాన్సు ఆపేసి స్టేజి చుట్టూ మూగారు. న్యూయార్క్‌లో అర్ధరాత్రి దాటాక వచ్చిన రేడియో కార్యక్రమం, టైమ్ జోన్ తేడా వల్ల పడమటి తీరంలో కుర్రాళ్ళు మెలకువగా ఉండే వేళకి వినపడేదట. వాళ్ళకి ఆ పాటలు ముందే తెలుసు. ఆ రాత్రితోనే స్వింగ్ యుగం మొదలయిందని చరిత్రకారులు రాస్తుంటారు.

అవే కాగితాలు. హెండర్సన్ వాయిస్తే బ్యాండు చెదిరిపోయింది, గుడ్‌మన్ వాయిస్తే యుగం మొదలయింది.

ఇక్కడిదాకా చదివి నాకు గుడ్‌మన్ మీద మండుకొచ్చింది. కానీ ఇంకాస్త చదివితే అంత తేలిగ్గా తేలే వ్యవహారం కాదని అర్థమయింది. గుడ్‌మన్ కాగితాలు కాజెయ్యలేదు, డబ్బిచ్చి కొన్నాడు. అవి హెండర్సన్‌వేనని దాచలేదు, పదిమందిలో చెప్పాడు. 1936లో హెండర్సన్ కొత్త బ్యాండు కట్టి 'క్రిస్టఫర్ కొలంబస్' అనే హిట్ కొట్టాడు. అదీ నిలవలేదు. 1939లో గుడ్‌మన్ ఆయన్ని తన బ్యాండులోకే తీసుకున్నాడు. 1950 చివర్లో హెండర్సన్‌కి పక్షవాతం వచ్చి చేతులు ఆగిపోతే, మరుసటి ఏడు ఆయన సహాయనిధి కోసం గుడ్‌మన్ తన ట్రయోతో వాయించాడు. 1952 డిసెంబరులో హెండర్సన్ పోయాడు. 55 ఏళ్ళు.

మరి అన్యాయం ఎక్కడ జరిగింది? నా ఉద్దేశంలో ఆ 37.50 డాలర్ల దగ్గరే అంతా లేదు. అదే సంగీతాన్ని అదే రేడియోలో వాయించే అవకాశం, అది రాసినవాడికి లేకపోవడం దగ్గర ఉంది. గుడ్‌మన్ మంచివాడయినా చెడ్డవాడయినా ఆ తలుపు మూసే ఉండేది. మంచివాడు కాబట్టి పేరు చెప్పాడు. పేరు చెప్పినంత మాత్రాన తలుపు తెరుచుకోలేదు.

1961లో కొలంబియా కంపెనీ హెండర్సన్ పాత రికార్డింగులు నాలుగు ఎల్పీల సెట్‌గా వేసి, దానికి 'ఎ స్టడీ ఇన్ ఫ్రస్ట్రేషన్' అని పేరు పెట్టింది. తెలుగులో చెప్పాలంటే ఒక ఆశాభంగపు కథ. ఆ పేరు నాకు సగమే నచ్చింది. ఇప్పటికీ ఎక్కడ బిగ్ బ్యాండ్ కోసం రాయడం నేర్పినా, ఇత్తడి వాయిద్యాలు ఒకవైపు, సాక్సోఫోన్లు ఒకవైపు, ప్రశ్నా జవాబూ అనే దగ్గరే మొదలుపెడతారు. తొంభై ఏళ్ళుగా నడుస్తున్న పనిని ఓడిపోయినవాడి పని అని ఎలా అంటాం?

ఇంతకీ నా స్లయిడు సంగతి. సోమవారం ఉదయం మేనేజరుకి ఘాటుగా ఒక మెయిల్ రాయడానికి కూర్చున్నాను. నేను చేసిందంతా వరసగా పెడుతుంటే, మూడో పాయింటు దగ్గర చెయ్యి ఆగింది. డేటా మొత్తం మార్చిన ఆ స్క్రిప్టు నాది కాదు. మూడు నెలల కాంట్రాక్టు మీద వచ్చి వెళ్ళిపోయిన ఒక అబ్బాయిది. నా డిజైన్ డాక్యుమెంట్‌లో అతని పేరు ఎక్కడా లేదు. ఎవరూ తీసెయ్యలేదు. నేనే పెట్టలేదు. పెట్టాలని తోచలేదంతే.

మెయిల్ పంపాను, కాస్త ఘాటు తగ్గించి, అతని పేరు కూడా చేర్చి. ఇప్పటిదాకా జవాబు రాలేదు. డాక్యుమెంట్‌లో మాత్రం ఆ పేరు పెట్టేశాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.