నీళ్ళు విడిపోయే కొండ

పెండ్రా రోడ్ స్టేషన్‌లో దిగి, జీపులో సాల అడవుల మధ్య ఘాట్ ఎక్కితే అమరకంటక్. నర్మద పుట్టే కుండం దగ్గర పొద్దున్నే బయల్దేరి, ముందు తూర్పున సోన్‌ముడాకీ, మళ్ళీ వెనక్కొచ్చి పడమట కపిల్‌ధారకీ నడిచాను. పిల్లకాలువలా పక్కనే వచ్చిన నర్మద అక్కడ ఒక్కసారిగా లోయలోకి దూకుతుంది.

ఈ కొండ మీద పడ్డ వాన మూడు దారులు పడుతుంది. పడమటికి జారితే నర్మదలో కలిసి అరేబియా సముద్రానికి. ఉత్తరానికైతే జోహిలా, సోన్‌ల మీదుగా గంగకి. దక్షిణపు వాలున పడితే మహానదికి.

ఇక్కడివాళ్ళు దీన్ని పెళ్ళి కథగా చెప్తారు. నర్మదకీ సోన్‌కీ పెళ్ళి కుదిరింది. కబురు తీసుకెళ్ళిన జోహిలానే పెళ్ళికూతురనుకున్నాడు సోన్. నర్మద అలిగి పడమటికి వెళ్ళిపోయింది, మళ్ళీ పెళ్ళాడలేదు. జోహిలా ఈనాటికీ సోన్‌లోనే కలుస్తుంది.

కాగితాల మీద కథ వేరు. 1857లో తమకి సాయపడినందుకు బ్రిటిష్ వాళ్ళు అమరకంటక్‌ని రేవా రాజుకి బహుమతిగా ఇచ్చారు. కొండ చుట్టూ ఉన్న గోండుల్నీ, బైగాల్నీ ఎవరూ అడగలేదు. తర్వాత నీళ్ళ పంపకం వచ్చింది. మన కృష్ణా, గోదావరి ట్రిబ్యునళ్ళు వేసిన 1969లోనే నర్మదకీ ఒకటి వేశారు. 1979లో తీర్పొచ్చింది. మొత్తం 28 మిలియన్ ఎకరాల అడుగులు: మధ్యప్రదేశ్‌కి 18.25, గుజరాత్‌కి 9, రాజస్థాన్‌కి 0.5, మహారాష్ట్రకి 0.25. నర్మద రాజస్థాన్‌లో పుట్టదు, పారదు. అయినా వాటా దక్కింది. ఊళ్ళు మునగబోయే భిల్లులూ, తడ్వీలూ మాత్రం ఆ కేసులో కక్షిదారులు కారు. వాళ్ళకి భూమికి భూమి ఇవ్వాలని తీర్పులో రాశారు, నిజమే. ఆ మాట నిలబెట్టించుకోడానికే ఏళ్ళ తరబడి నీళ్ళలో నిలబడాల్సొచ్చింది. పోలవరం ముంపు ఊళ్ళ గురించి చదివినవాళ్ళకి ఇదేం కొత్త కాదు.

కథలో నర్మదకి అలిగి వెళ్ళిపోయే స్వేచ్ఛ ఉంది. లోయలోని వాళ్ళకి ఆ పాటి కూడా లేదు.

సాయంత్రం కుండం మెట్ల మీద నర్మదా పరిక్రమ చేస్తున్న ఒక ముసలావిడ కనబడింది. నదిని కుడిచేతి వైపు ఉంచుకుని, ఒడ్డు వెంట నడిచే యాత్ర అది. ఎంత దూరమైంది అమ్మా అని హిందీలో అడిగాను. చేత్తో పెద్ద వంపు గీసి చూపించింది. పాత దారి డ్యాముల కింద మునిగిపోయిందట. అందుకే, ఆ చోట్ల నది కనబడకుండానే నడిచిందట.