రెండువందల గంటల గురువులు

పవర్ యోగా అనగానే మనలో చాలామంది పెదవి విరుస్తారు. "అమెరికావాళ్ళ పైత్యం! యోగానికి కూడా చెమటలు పట్టించారు!" అంటారు. తొందరపడకండి. ఆ చెమట మొదట పట్టింది మన పొరుగునే, మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో.

1930లలో నాల్వడి కృష్ణరాజ ఒడయారు ఆదరణతో తిరుమలై కృష్ణమాచార్యులవారు అక్కడ యోగశాల నడిపారు. శిష్యుల్లో ఎక్కువమంది కుర్రాళ్ళు. కళ్ళు మూసుకుని కూర్చోమంటే కుర్రాళ్ళు కూర్చుంటారా? వాళ్ళ ఉడుకు రక్తానికి తగ్గట్టే, ఊపిరితో జతచేసి ఒక ఆసనం నుంచి మరో ఆసనానికి గెంతించే పద్ధతి నేర్పారాయన. ఆ శిష్యుల్లో ఒకరైన పట్టాభి జోయిస్ 1948లో మైసూరులోనే సొంత సంస్థ పెట్టి, దాన్ని అష్టాంగ యోగమన్నారు. అక్కడ ఎవరి సాధన వారిదే. ముందు ఆసనం పట్టుబడితేగాని తర్వాతది చెప్పరు. అలా ఏళ్ళు గడిచిపోయేవి.

1970లలో అమెరికా కుర్రకారు మైసూరు దారి పట్టింది. 1975లో జోయిస్‌గారే కాలిఫోర్నియా వెళ్ళి నేర్పారు. ఆ శిష్యుల శిష్యుల్లో న్యూయార్కులో బెరిల్ బెండర్ బర్చ్, లాస్ ఏంజెలెస్‌లో బ్రయాన్ కెస్ట్ ఈ విద్యకు పవర్ యోగా అని పేరు పెట్టారు. 1995లో బర్చ్ పుస్తకం వచ్చింది. ఆ ఏడే జోయిస్‌గారు నొచ్చుకుంటూ ఒక పత్రికకు ఉత్తరం రాశారు.

పేరు మారితే మారింది, బోధనా మారింది. హాలునిండా జనం, ఎదురుగా ఒక్క మాస్టారు, అందరికీ ఒకే పాఠం. మాస్టార్లకు గిరాకీ పెరిగింది. 1999లో అమెరికాలో యోగా అలయన్స్ అనే సంస్థ పుట్టి, 200 గంటల శిక్షణను కొలబద్దగా పెట్టింది. రోజుకు 8 గంటలు కూర్చుంటే 25 రోజులు! లోయర్ టైపు పాసవడానికి నెలల తరబడి ఇన్‌స్టిట్యూట్ చుట్టూ తిరిగిన తరం మనది.

అలాగని ఆ గంటలు దండగ అనలేం. ఆసనాల వరస, శరీర నిర్మాణం, క్లాసు నడిపే తీరు తెలుస్తాయి. తెలియంది ఇంకొకటుంది. 1950లలో మద్రాసు చేరిన కృష్ణమాచార్యులవారు వచ్చినవాళ్ళ వయసు, జబ్బు, ఓపిక చూసి, ఒక్కొక్కరికీ విడివిడిగా సాధన చెప్పారు. కుర్రాళ్ళను గెంతించినాయనే, పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఊపిరి తీయడం నేర్పారు. పవర్ యోగా మొదటి సగాన్ని అందుకుంది. రెండో సగం లేకుండా మొదటిది చెప్పడం నేల విడిచి సాము చేయించడమే. వెనక వరసలో మోకాళ్ళ నొప్పితో పళ్ళు బిగబట్టి, ఊపిరి ఆపేసి లాక్కొస్తున్న ఇల్లాలిని కనిపెట్టి, "చాలమ్మా, అక్కడే ఆగండి" అనగలగాలి. క్లాసు వేగం పెరిగేకొద్దీ ఆ చూపు మరింత అవసరం.

మీ వీధి చివర పవర్ యోగా బోర్డు వెలిస్తే, సర్టిఫికెట్టు చూడండి, తప్పులేదు. కాని ఫీజు కట్టేముందు వెనకాల ఓ పావుగంట కూర్చోండి. మాస్టారు అద్దంలో తనను చూసుకుంటున్నాడా, మనుషుల్ని చూస్తున్నాడా? సంగతి తేలిపోతుంది.