బి, టి లింఫోసైట్లు: మాక్స్ కూపర్ పరిశోధన

1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ ఒక ఎనిమిదేళ్ల బాలుడిని పరీక్షించాడు. అతడికి బాక్టీరియా వ్యాధులు పదేపదే సోకేవి. రక్తంలో గామా గ్లోబ్యులిన్ లేదని తేలింది. అయితే ప్రతిరక్షకాలు తయారుకాని ఇలాంటి పిల్లలు చాలా వైరస్ వ్యాధుల నుంచి మాత్రం కోలుకునేవారు. ఇదెలా సాధ్యం?

సమాధానానికి దారి కోళ్లలో దొరికింది. కోడి మలద్వారం దగ్గర బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. దాన్ని తొలగిస్తే ప్రతిరక్షకాలు సరిగా ఏర్పడవని బ్రూస్ గ్లిక్ బృందం గమనించింది. 'సైన్స్' పత్రిక తిరస్కరించిన ఆ వ్యాసం 1956లో కోళ్ల పెంపక శాస్త్ర పత్రికలో వెలువడింది. వ్యాధినిరోధక శాస్త్రజ్ఞులు అలాంటి పత్రిక తిరగేయడం అరుదే కదా!

పిల్లల వైద్యుడైన మాక్స్ కూపర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గుడ్ వద్ద పనిచేస్తూ ఈ విషయాన్ని చేపట్టాడు. గుడ్డు నుంచి అప్పుడే బయటపడ్డ కోడిపిల్లల్లో కొన్నింటికి బర్సాను, కొన్నింటికి థైమస్ గ్రంథిని తీసివేశాడు. అప్పటికే శరీరంలోకి చేరిన కణాలు నశించేలా వాటిని వికిరణానికి కూడా గురిచేశాడు. ప్రయోగానికి ప్రాణం ఈ జాగ్రత్తే. బర్సా లేనివాటిలో ప్రతిరక్షకాలు గానీ, ప్లాస్మా కణాలు గానీ ఏర్పడలేదు. థైమస్ లేనివాటిలో లింఫోసైట్లు తగ్గిపోయి, పరాయి చర్మాన్ని తిరస్కరించే శక్తి కుంటుపడింది.

1965లో వెలువడిన ఈ ఫలితాలతో చిక్కు వీడింది. బ్రూటన్ బాలుడిలో లోపించింది ఒక కణవర్గమే. థైమస్ లేకుండా పుట్టే డిజార్జ్ శిశువుల్లో లోపించేది మరొకటి. మొదటివారికి గామా గ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు రక్షణనిస్తాయి, రెండోవారికి అవి చాలవు.

మనిషికి బర్సా లేదు. మనలో ఆ పని ఎముక మజ్జ చేస్తుంది. అయినా బి కణం పేరులోని 'బి' కోడి బర్సా నుంచి వచ్చిందే.