మాట్లాడిన నల్లతెర

మన పూర్వ విద్యార్థుల్లో 1980లు, 90లలో కంప్యూటర్ నేర్చుకున్నవారికి డాస్ గుర్తుండే ఉంటుంది. నల్లని తెర, ‘సి’ అనే అక్షరం, పక్కన మిణుకుమిణుకుమనే చిన్న గీత. ఏ పని కావాలన్నా ఆదేశం టైపు చేసి ఎంటర్ కొట్టాలి. జవాబు కూడా అక్షరాల్లోనే వచ్చేది. దీన్నే కమాండ్ లైన్ అంటారు. మనకది పాతకాలపు జ్ఞాపకం. కంటిచూపు లేనివారికి మాత్రం చూపున్నవారితో సమానంగా పనిచేసే అవకాశం అక్కడే దొరికింది. ఆ అవకాశం ఎలా వచ్చిందో, ఎలా చేజారబోయిందో, ఎవరు నిలబెట్టారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డాస్ తెర మీద 25 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. మొత్తం 2,000 గళ్లు. ఏ గడిలో ఏ అక్షరం ఉందో మెమరీలో ఒక నిర్ణీత చోట వరుసగా నమోదై ఉండేది. గడికి 2 బైట్లు: ఒకటి అక్షరానికి, రెండోది దాని రంగుకు. ఒక చిన్న ప్రోగ్రాం ఆ చోటును చదివి, అక్షరాలను మాటలు పలికే పరికరానికి పంపితే తెర మీద ఉన్నది చెవికి వినిపిస్తుంది. ఈ పని చేసే ప్రోగ్రామే స్క్రీన్ రీడర్.

ఐబీఎం పరిశోధకుడు జిమ్ థాచర్‌కు పీహెచ్‌డీలో గురువు, తర్వాత సహోద్యోగి అయిన జెస్సీ రైట్‌కు చూపు లేదు. ఆ సాన్నిహిత్యం నుంచి పుట్టిన పరిశోధన 1986లో ‘ఐబీఎం స్క్రీన్ రీడర్’గా బయటికొచ్చింది. ఒక సరుకు పేరు కాస్తా తర్వాత ఆ కోవకు చెందిన ప్రోగ్రాములన్నిటికీ పేరైంది. ఇక టెడ్ హెంటర్ మోటార్‌సైకిల్ పందేల్లో పోటీపడినవాడు. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. ఆయన ప్రోగ్రామింగ్ నేర్చుకుని, 1987లో బిల్ జాయిస్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. వారి ‘జాస్’ 1989లో డాస్ కోసం వచ్చింది.

అంతలో విండోస్ వచ్చింది. చూపున్నవారికి అది పండగే. అంధులకు మాత్రం కాళ్ల కింద నేల కదిలినట్టైంది. తెర మీద ఇప్పుడు అక్షరాల గళ్లు లేవు, ఉన్నవన్నీ రంగు చుక్కలే. బొమ్మను నొక్కాలంటే ముందు అదెక్కడుందో కనబడాలి. డాస్ మీద ఉద్యోగం చేసుకుంటున్నవారు, ఆఫీసులో విండోస్ పెడితే తమ పని ఏమవుతుందోనని కలవరపడ్డారు. ప్రోగ్రాములు తెర మీద గీయమని ఇచ్చే ఆదేశాలను దారిలోనే పట్టుకుని, ఎక్కడ ఏముందో రహస్యంగా మరో పట్టిక రాసుకునే పద్ధతిని ఇంజనీర్లు కనిపెట్టారు. 1995లో విండోస్‌కు కూడా జాస్ వచ్చింది.

అందరూ విండోస్ వెంట పరుగెడుతున్న ఆ రోజుల్లోనే మన దేశస్థుడొకరు వేరే దారి పట్టారు. పుణెలో పుట్టిన టి.వి. రామన్‌కు 14 ఏళ్ల వయసులో గ్లాకోమాతో చూపు పోయింది. పుణె విశ్వవిద్యాలయంలో గణితం, ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్స్ చదివి, గణిత సూత్రాలను చెవికి అర్థమయ్యేలా వినిపించే వ్యవస్థ మీద 1994లో కార్నెల్‌లో పీహెచ్‌డీ పొందారు. 1995లో ‘ఈమాక్స్‌పీక్’ను అందరికీ ఉచితంగా ఇచ్చారు. తెరను చదవడం కాదు, ప్రోగ్రామే తన సంగతి తాను చెప్పాలన్నది ఆయన ఆలోచన. క్యాలెండర్‌నే తీసుకోండి. మామూలు స్క్రీన్ రీడర్ గడిలోని ‘12’ అనే అంకెను మాత్రమే చదువుతుంది. ఈమాక్స్‌పీక్ వారం, తేదీ, నెల, సంవత్సరం కలిపి చెబుతుంది. కన్ను ఒక్క చూపులో పట్టుకునే అర్థాన్ని చెవికి అందించడమంటే ఇదే.

లినక్స్ ప్రపంచంలో కమాండ్ లైన్ కనుమరుగు కాలేదు. 1995లోనే మొదలైన ‘బీఆర్ఎల్‌టీటీవై’ తెర మీది అక్షరాలను బ్రెయిలీ పరికరానికి పంపుతుంది. అందులో సన్నని పిన్నులు లేచి వేలికి చుక్కలై తగులుతాయి. కిర్క్ రైజర్ మొదలుపెట్టిన ‘స్పీకప్’ లినక్స్ కెర్నెల్‌లోనే ఉండి మాట్లాడుతుంది. 2010లో అది కెర్నెల్‌లోని ప్రయోగ విభాగంలోకి, 2020లో అసలు భాగంలోకి చేరింది.

ఇక్కడ చూపులేనివారికి దక్కిన సౌకర్యం గమనించదగ్గది. 300 ఫైళ్ల జాబితాను చూపున్నవారు కంటితో జల్లెడ పడతారు. అంధుడు ‘గ్రెప్’ అనే ఆదేశంతో తనకు కావలసిన నాలుగు వరుసలే రప్పించుకుని వింటాడు. మౌస్ అక్కర్లేదు, వెతుకులాట లేదు. ఇంటర్నెట్ సర్వర్ల నిర్వహణ నేటికీ ఎక్కువగా కమాండ్ లైన్ మీదే సాగుతుంది కాబట్టి ఈ నైపుణ్యం ఉపాధికీ దారి.

అయితే కొత్త చిక్కులూ వచ్చాయి. నేటి కమాండ్ లైన్ ప్రోగ్రాములు గిరగిర తిరిగే గుర్తులు, నిండుతూ పోయే పట్టీలు, గీతలతో కట్టిన పట్టికలు, రంగుల్లో మాత్రమే తెలిసే హెచ్చరికలు చూపిస్తున్నాయి. స్క్రీన్ రీడర్ ఆ తిరిగే గుర్తును పదేపదే చదివి విసిగిస్తుంది. పట్టికలో ఏ అంకె ఏ నిలువు వరుసదో తెలియదు. అక్షరాలే కదా, అంధులకు ఇబ్బంది ఉండదనుకోవడం సరికాదని 2021లో గూగుల్ పరిశోధకుల అధ్యయనం కూడా చూపింది. ‘పూర్తయింది’, ‘తప్పు జరిగింది’ అని మాటల్లో చెప్పడం, అలంకారాలను ఆపే వీలు కల్పించడం ప్రోగ్రాం రాసేవారికి పెద్ద పనేమీ కాదు. మన పూర్వ విద్యార్థుల్లో సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవారు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఒకప్పుడు స్క్రీన్ రీడర్ ఖరీదు చాలామందికి అందనిది. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ మొదలుపెట్టగా, జేమ్స్ టే తోడైన ‘ఎన్‌వీడీఏ’ ఆ అడ్డు తొలగించింది. ఇద్దరికీ చూపు లేదు. విండోస్ మీద పనిచేసే ఆ ప్రోగ్రాం పూర్తిగా ఉచితం. దానితోపాటు వచ్చే ‘ఈస్పీక్ ఎన్‌జీ’ తెలుగు కూడా పలుకుతుంది. కనుక స్వర్ణోత్సవ కానుకగా ఎవరైనా తమ ఊరి బడికి కంప్యూటర్లు ఇవ్వదలిస్తే, ఒక దాంట్లోనైనా ఎన్‌వీడీఏ ఎక్కించి, ఒక హెడ్‌ఫోన్ జత చేసి ఇవ్వండి. చూపులేని పిల్లవాడు ఆ బడిలో చేరే నాటికి కంప్యూటర్ అతని కోసం సిద్ధంగా ఉంటుంది.