నీవలె ఉన్న బొమ్మ ఏది?

పసిపిల్ల ముక్కుమీద ఆమెకు తెలియకుండ ఒక ఎర్రని చుక్క పెట్టి అద్దం ముందు నిలబెట్టినామనుకొందాం. ఏడాది పిల్ల అయితే అద్దంలోని పిల్లను చూచి నవ్వుతుంది. చేయి చాచి పట్టుకొనబోతుంది. పద్దెనిమిది నెలలకు, రెండేండ్లకు మధ్య చాలమంది పిల్లలు అద్దాన్ని విడిచి తమ ముక్కునే తడుముకొంటారు. అద్దంలో ఉన్నది తామే అన్న ఎరుక అప్పటికి వారికి కలిగినదన్నమాట. ఇది సులభమైన పరీక్ష. కాని "నేను ఎవరిలో ఒకరిని? నావంటివారిని లోకం ఎట్లా చూస్తున్నది?" అన్న ఎరుక పిల్లలకు ఎప్పుడు వస్తుంది? దానిని చూపగల అద్దం ఏది?

మన భాషలో 'గుర్తింపు' అన్న మాట ఒకటే రెండు పనులు చేస్తుంది. ఇతరులు మనలను ఫలానావారని పోల్చుకొనుట ఒకటి. మనలను మనం ఫలానావారమని ఎంచుకొనుట ఇంకొకటి. ఈ రెండింటి నడుమ ఉన్న సంబంధం విద్యాపరిశోధనలో ఒక ముఖ్యమైన సమస్య. వీడు చురుకైనవాడు, వీడు మందబుద్ధి, వీడు ఈ వర్గంవాడు అని పాఠశాల ప్రతిదినం పిల్లలకు గుర్తులు వేస్తూనే ఉంటుంది. ఆ గుర్తు పిల్లవాని లోపలికి దిగి, తన్ను తాను ఎరిగే ఎరుకగా మారుతుందా? ఈ ప్రశ్నకు ప్రయోగం ద్వారా సమాధానం వెదకినవారిలో అమెరికాకు చెందిన క్లార్క్ దంపతులు ముఖ్యులు. వారి ప్రయోగం ఒక దేశపు చట్టాన్ని కదిలించిన వాదనలో సాక్ష్యమైనది. దాని బలమెంత, పరిమితి ఎంత అన్నది నేటికిని ఆలోచింపదగిన విషయం.

అమెరికాలో బానిసత్వం 1865 లో తొలగినది. కాని నల్లజాతివారిని వేరుచేసే కట్టుబాట్లు తొలగలేదు. సౌకర్యాలు సమానంగా ఉన్నంతవరకు తెల్లవారిని, నల్లవారిని వేరువేరుగా ఉంచుట రాజ్యాంగ విరుద్ధం కాదని ఆ దేశపు సుప్రీంకోర్టు 1896 లో తీర్పు చెప్పినది. ఆ తీర్పు రైలుపెట్టెలను గురించినది. అయినను దాని నీడలోనే దక్షిణ రాష్ట్రాలలో వేరు బడులు సాగినవి. సమానత్వం కాగితంమీదనే ఉండిపోయినది. నల్లపిల్లల బడులకు డబ్బు తక్కువ, పుస్తకాలు పాతవి, గదులు చాలవు. వీటిని లెక్కపెట్టవచ్చును. కాని గదులు, పుస్తకాలు సమానంగా ఇచ్చినప్పటికిని, వేరుచేయుటవల్లనే పిల్లల మనస్సుకు కలిగే హాని ఏదైన ఉన్నదా? ఉంటే దానిని లెక్కపెట్టుట ఎట్లా?

మేమీ ఫిప్స్ 1917 లో ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ పట్టణంలో పుట్టినది. ఆమె తండ్రి వైద్యుడు. అయినను ఆమె చదివినది నల్లవారికై వేరుచేసిన బడులలోనే. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో గణితం చదువుటకు చేరి, అక్కడ పరిచయమైన కెన్నెత్ క్లార్క్ ప్రోత్సాహంతో మనస్తత్వశాస్త్రానికి మారినది. 1937 లో వారికి వివాహమైనది. బడియీడు రాని నల్లపిల్లలలో తమను గూర్చిన ఎరుక ఎట్లా మేలుకొంటుందన్నది ఎం. ఏ. పట్టానికి ఆమె ఎన్నుకొన్న విషయం. రూత్ హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు పిల్లలకు గీతల పటాలు చూపి, ఇందులో నీవెవరవని అడిగే పద్ధతిని వాడినది. మేమీ ఆ పద్ధతినే తీసుకొన్నది. 150 మంది పిల్లలను పరిశీలించి కనుగొన్న విషయాలను దంపతులు 1939 లో ప్రకటించినారు. తరువాత ఇద్దరును కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పట్టాలు పొందినారు.

పటాలకు బదులు బొమ్మలతో చేసిన ప్రయోగం 1947 లో వెలువడినది. నాలుగు బొమ్మలు. అచ్చు ఒక్కటే, ఆకారం ఒక్కటే. రెండింటికి గోధుమవన్నె మేను, నల్లని జుట్టు. తక్కిన రెండింటికి తెల్లని మేను, పసుపు జుట్టు. మూడు మొదలు ఏడేండ్ల వయస్సుగల 253 మంది నల్లపిల్లలను ఒక్కొక్కరిగా కూర్చుండబెట్టి ఎనిమిది మాటలు అడిగినారు. నీవు ఆడుకొనదలచిన బొమ్మ ఇమ్ము. మంచి బొమ్మ ఇమ్ము. చెడ్డగా కనబడే బొమ్మ ఇమ్ము. మంచి రంగు బొమ్మ ఇమ్ము. ఇవి ఇష్టాన్ని తెలిసికొనుటకు. తరువాతి మూడు మాటలు, ఏ బొమ్మ తెల్లవారిని పోలినది, ఏది నల్లవారిని పోలినది అన్న జ్ఞానాన్ని తెలిసికొనుటకు. చిట్టచివరిది: నీవలె ఉన్న బొమ్మ ఇమ్ము.

ఈ వరుసకు కారణమున్నది. మొదట జరిపిన చిన్న పరిశీలనలో, గోధుమవన్నె బొమ్మను 'నావంటిది' అని ముందే చెప్పిన పిల్లలు ఆ తరువాత దానినే మెచ్చుకొనసాగినారు. అది నిజమైన ఇష్టమో, తమదన్న అభిమానమో తేలదు. అందువల్ల ఇష్టాన్ని ముందు అడిగి, పోలికను చివరకు ఉంచినారు. పరీక్షనాళికలో ద్రవాలను కలిపే వరుస మారితే ఫలితం మారవచ్చునని రసాయనశాస్త్రం చదివినవారెరుగుదురు. ప్రశ్నల విషయంలోను అంతే.

ఇక ఫలితాలు. తెల్లవారిని పోలిన బొమ్మను నూటికి 94 మంది సరిగా చూపినారు. అంటే రంగుల తేడా పిల్లలకు బాగుగా తెలుసు. కాని నూటికి 67 మంది ఆడుకొనుటకు తెల్లబొమ్మనే కోరినారు. చెడ్డగా కనబడేది గోధుమవన్నె బొమ్మయేనని నూటికి 59 మంది చెప్పినారు. చివరి ప్రశ్నకు నూటికి 66 మంది గోధుమవన్నె బొమ్మను, 33 మంది తెల్లబొమ్మను చూపినారు. బొమ్మను చెడ్డదని చెప్పి, మరికొన్ని ప్రశ్నల తరువాత అదే తనవంటిదని చెప్పవలసివచ్చినప్పుడు కొందరు పిల్లలు ఏడ్చినారు. కొందరు గదిలోనుండి పారిపోయినారు. ఈ ఫలితాలు తమను కలవరపరచినవని కెన్నెత్ క్లార్క్ తరువాతి కాలంలో చెప్పినాడు.

1951 లో సౌత్ కరోలినాలోని క్లారెండన్ కౌంటీలో వేరు బడులపై వ్యాజ్యం నడిచినప్పుడు క్లార్క్ తన బొమ్మలతో అక్కడికి పోయినాడు. ఆ ప్రాంతపు పిల్లలు 16 మందిని పరీక్షించగా, 11 మంది గోధుమవన్నె బొమ్మనే చెడ్డదన్నారు. ఆయన దీనిని న్యాయస్థానంలో సాక్ష్యంగా చెప్పినాడు. ఈ వ్యాజ్యంతోపాటు మరికొన్నింటిని కలిపి విచారించిన సుప్రీంకోర్టు 1954 మే 17 న, తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, వేరు బడులు స్వభావంచేతనే అసమానమైనవని తీర్పు చెప్పినది. రంగునుబట్టి పిల్లలను వేరుచేయుట వారిలో తక్కువతనపు భావాన్ని కలిగిస్తుందని ఆ తీర్పు పేర్కొన్నది. దాని పదకొండవ అథోజ్ఞాపికలో మొట్టమొదట ఉదహరించినది 1950 లో క్లార్క్ వ్రాసిన నివేదికను.

తీర్పు న్యాయమైనది. అయితే ప్రయోగం ఆ తీర్పునకు చాలినంత ఆధారమా? ఇక్కడ శాస్త్రజ్ఞుడు నిర్మొగమాటంగా ఉండవలెను. ఆ 253 మందిలో 134 మంది ఆర్కన్సాలోని వేరు బడుల పిల్లలు. 119 మంది మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో తెల్లపిల్లలతో కలిసి చదివేవారు. వేరు బడులే హానికి కారణమైతే తెల్లబొమ్మపై మోజు ఆర్కన్సాలో ఎక్కువ ఉండవలెను. అట్లా లేదు, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే కొంత ఎక్కువ. అంటే హాని బడిగోడలలో మాత్రమే లేదు; ఆ సమాజమంతటా వ్యాపించి ఉన్నది. మరొక చిక్కు. లేతరంగు పిల్లలలో నూటికి 20 మందే గోధుమవన్నె బొమ్మను తమవంటిదన్నారు. ముదురు రంగు పిల్లలలో 81 మంది అన్నారు. లేతరంగు పిల్ల పొరబడినదా, లేక కంటికి కనబడిన నిజమే చెప్పినదా? "నీవలె ఉన్నది" అన్న ప్రశ్నలో మేనిరంగు, జాతి రెండును కలిసిపోయినవి. పెద్దలు ఒకటి అడుగగా పిల్లలు వేరొకదానికి జవాబు చెప్పియుండవచ్చును.

తరువాతివారు ఈ ముడిని విప్పజూచినారు. 1969 లో నెబ్రాస్కాలోని లింకన్ నగరంలో హ్రాబా, గ్రాంట్ అనే పరిశోధకులు బొమ్మల పరీక్షను మరల జరుపగా, నల్లపిల్లలలో ఎక్కువమంది నల్లబొమ్మనే మెచ్చుకొన్నారు. ఈ నడుమ నల్లజాతివారి హక్కుల ఉద్యమం నడిచిన సంగతిని మరువరాదు. 1991 లో విలియం క్రాస్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు, తన్ను గూర్చిన గౌరవం వేరు, తన సమూహంపట్ల దృష్టి వేరు అని వివరించినాడు. తెల్లబొమ్మను మెచ్చిన పిల్ల తన్ను తాను ద్వేషించుకొన్నదని చెప్పుటకు ఆ బొమ్మ ఒక్కటే చాలదు.

క్లార్క్ దంపతులు మరొక గుర్తింపుతోను పోరాడినారు. 1946 లో న్యూయార్క్‌లోని హార్లెం ప్రాంతంలో వారు పిల్లలకై ఒక కేంద్రాన్ని స్థాపించినారు. బడులు మందబుద్ధులని ముద్రవేసి వేరు తరగతులకు పంపిన నల్లపిల్లలను అక్కడ మరల పరీక్షించగా, చాలమంది అటువంటివారు కారని తేలినది. పొరపాటు పరీక్షను మంచి పరీక్షయే దిద్దగలిగినది. మేమీ క్లార్క్ ఆ కేంద్రాన్ని 1979 వరకు నడిపినది.

మనం ఉపాధ్యాయులం తరగతిలో పిల్లవాని గూర్చి చెప్పే ప్రతి మాటయు ఒక బొమ్మను వాని చేతికి అందించుటయే. వాడు దానిని చూచి, "ఇది నావంటిది" అనుకొంటాడు. అది సరియైన బొమ్మయేనా అని ముందుగా పరీక్షించుకొనవలసినది పిల్లవాడు కాదు, మనం.